శ్రీకాకుళంలో ఆదివారం పాలిటీ తరగతులు: పాఠం బాగుంది, నోట్సు వద్దు

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో గ్రూప్-2 అభ్యర్థుల కోసం ఆదివారాలు తరగతులు నడుపుతున్న ఒక కోచింగ్ సెంటరులో, రాజ్యాంగ సవరణల భాగానికి మాత్రమే విడిగా ఫీజు కట్టి చేరాను. సవరణల సంఖ్యలూ సంవత్సరాలూ బట్టీ పట్టించే చోట్లు మన జిల్లాలో కొదవ లేవు కనుక, ఇక్కడ వేరుగా కనిపించినదే ముందు రాస్తాను.

రాజ్యాంగాన్ని సవరించే విధానం చెప్పే 368వ అధికరణలోని ప్రత్యేక మెజారిటీని మాస్టారు పుస్తకం తెరవకుండానే చెప్పారు. 60 మంది సభ్యులున్న సభలో 45 మంది హాజరై ఓటు వేశారు, బిల్లుకు 30 ఓట్లు పడ్డాయి, మరి నెగ్గినట్టేనా అని అడిగారు. ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులు వచ్చాయి కదా, నెగ్గినట్టేనని గదిలో చాలామంది అన్నారు. మొత్తం సభ్యత్వంలో సగానికి మించి, అంటే కనీసం 31 ఓట్లు కూడా కావాలి కాబట్టి ఒక్క ఓటు తక్కువై బిల్లు వీగిపోయిందని ఆయన తేల్చారు. అదే లెక్కను 543 స్థానాల లోక్‌సభకు వేసి, ఎందరు గైర్హాజరైనా అనుకూల ఓట్లు 272కు తగ్గితే సవరణ జరగదని చూపించారు.

పంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించే 64వ సవరణ బిల్లు 1989లో లోక్‌సభలో నెగ్గి, రాజ్యసభలో కావలసిన మెజారిటీ దొరకక ఆగిపోయిన సంగతిని ఆ వెంటనే చెప్పడం నాకు నచ్చింది. మామూలు బిల్లయితే ఉభయ సభల సంయుక్త సమావేశం పిలవవచ్చు. సవరణ బిల్లుకు ఆ దారి లేదు, ఏ సభకు ఆ సభ విడిగా ఆమోదించవలసిందే. అందుకే ఆ ప్రయత్నం 1992లో 73వ సవరణగా ఫలించి, 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చేదాకా పల్లెలు ఆగవలసి వచ్చింది.

1951 నాటి మొదటి సవరణకు మాస్టారు ఎంచుకున్న ఉదాహరణ ఇంకా దగ్గరిది. ఆ సవరణతో ఏర్పడిన తొమ్మిదో షెడ్యూలులో తొలుత చేర్చిన 13 చట్టాలలో జమీందారీలను రద్దు చేసిన 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం ఒకటి. విజయనగరం, బొబ్బిలి జమీందారీల కథ ఇళ్లలో విని పెరిగినవారికి, ఆ రద్దును కోర్టు వివాదాల నుంచి కాపాడడానికి రాజ్యాంగాన్నే సవరించారని తెలిశాక ఆ షెడ్యూలు వట్టి జాబితాగా కనిపించదు.

సుప్రీంకోర్టు 1973లో ఇచ్చిన కేశవానంద భారతి తీర్పును మాత్రం చివర్లో హడావిడిగా ముగించారు. 13 మంది న్యాయమూర్తులు 7-6 తేడాతో చెప్పిన మౌలిక స్వరూప సిద్ధాంతం, అంటే రాజ్యాంగపు మూల లక్షణాలను సవరణతోనైనా చెరపరాదన్న సూత్రం వల్లనే, న్యాయమూర్తుల నియామక కమిషన్‌ను తెచ్చిన 99వ సవరణ 2015లో కొట్టివేతకు గురైంది. ఆ రెండింటినీ కలిపి చెప్పకపోతే పార్లమెంటు అధికారానికి హద్దు ఎక్కడుందో అభ్యర్థికి అందదు.

ఇక నోట్సు. రాష్ట్రాల ఏర్పాటుకు సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం కావాలని అందులో అచ్చు వేశారు. అది పూర్తిగా తప్పు. 3వ అధికరణ కింద సాధారణ మెజారిటీ చాలు, సంబంధిత శాసనసభ అభిప్రాయం కోరితే సరిపోతుంది. అటువంటి చట్టాన్ని 368 కింద సవరణగా పరిగణించరాదని 4వ అధికరణే చెబుతోంది. 2014లో మన శాసనసభ విభజన బిల్లును తిరస్కరిస్తూ తీర్మానించినా విభజన ఆగలేదని కళ్లారా చూసిన రాష్ట్రంలో ఇటువంటి నోట్సు అమ్మడం క్షమించరానిది. మహిళా రిజర్వేషన్లకు సంబంధించిన 2023 నాటి 106వ సవరణ అందులో లేనే లేదు. ఈ విషయం చెప్పినప్పుడు మాస్టారు తరగతిలో సరిచేశారు కానీ, కౌంటరులో పాత ప్రతులే ఇస్తున్నారు. నోట్సు డబ్బులు మిగుల్చుకుని, ఆ సొమ్ముతో రాజ్యాంగం తెలుగు ప్రతి ఒకటి కొనుక్కుని తరగతికి వెళ్లడం మేలు.

గది ఇరుకు, వెనుక బెంచీలకు బోర్డు సరిగా కనబడదు. పలాస వైపు నుంచి రైలులో వచ్చేవారు ఆమదాలవలసలో దిగి మళ్లీ బస్సు పట్టుకోవాలి కనుక, ఉదయం బ్యాచి కాకుండా మధ్యాహ్నం బ్యాచి అడిగి చేరండి.