పార్మెలీ టోపీయా, గ్రిన్నెల్ మీటా: తొందరగా తెరుచుకునే స్ప్రింక్లర్ ఏది?

కళాయి పూసిన ఇత్తడి గిన్నెను ఖాళీగా పొయ్యి మీద మరిచిపోతే కళాయి కరిగిపోతుంది. అదే గిన్నెలో నీళ్లుంటే ఎంతసేపు మరిగినా ఏమీ కాదు, వేడినంతా నీళ్లే లాగేసుకుంటాయి. మంట వేడికి తమంతట తామే తెరుచుకుని నీళ్లు చిమ్మే ఫైర్ స్ప్రింక్లర్లలో తొలి వాటి తిరకాసంతా ఇక్కడే ఉంది.

1874లో హెన్రీ పార్మెలీ అమెరికాలోని న్యూ హేవెన్‌లో తన పియానో ఫ్యాక్టరీ కోసం చేసినది చూడండి. చిల్లులున్న తల, దాని మీద ఇత్తడి టోపీ, అంచు చుట్టూ టంకం. టంకం కరిగితే టోపీ ఊడి నీళ్లు చిమ్ముతాయి. కదిలే భాగాలు లేవు, చెడిపోయేదీ తక్కువే. కానీ టోపీ లోపలివైపు చల్లటి నీళ్లు ఆనుకునే ఉంటాయి. తక్కువ వేడికే కరిగే టంకం వాడినా, అది కరిగేలోపు మంట ముదిరిపోతుంది.

ఫ్రెడరిక్ గ్రిన్నెల్ మొదట లైసెన్సు మీద పార్మెలీ స్ప్రింక్లర్లనే తయారుచేశాడు. 1881లో సొంత డిజైన్‌లో టంకాన్ని నీళ్లకు దూరం జరిపాడు. నీటిని వాల్వు ఆపుతుంది, వాల్వును మీట నొక్కిపెడుతుంది, మీటను టంకం పట్టుకుంటుంది. భాగాలు పెరిగాయి, నిజమే. అయినా నా ఓటు దీనికే. టంకానికి తగిలిన వేడి టంకానికే దక్కుతుంది.

ఈ తేడాను అంకెల్లో పెట్టింది మాత్రం 1970ల్లో, అమెరికా బీమా సంస్థ ఫ్యాక్టరీ మ్యూచువల్ పరిశోధకులు హెస్కెస్టాడ్, స్మిత్. వాళ్ల కొలత పేరు రెస్పాన్స్ టైమ్ ఇండెక్స్, పొట్టిగా ఆర్‌టీఐ (మన సమాచార హక్కు కాదు లెండి). ఇది 50 లోపుంటే చురుకైనది, 80 దాటితే మామూలుది. 20 డిగ్రీల గదిలో 135 డిగ్రీల గాలి సెకనుకు 1 మీటరు వేగంతో తగిలిందనుకుందాం. పైపులోకి పోయే వేడిని వదిలేస్తే, 68 డిగ్రీలకు తెరుచుకునే స్ప్రింక్లర్‌కు ఆర్‌టీఐ 100 అయితే 54 సెకన్లు పడుతుంది, 30 అయితే 16 చాలు.

ఇప్పటి చాలా స్ప్రింక్లర్లలో టంకం బదులు నీటి దారిని మూసి పట్టుకునే గాజు బల్బుల్లోనూ ఇదే లెక్క. 5 మిల్లీమీటర్లదీ, 3 మిల్లీమీటర్లదీ రెండింటిలోనూ ఎర్ర ద్రవమే, రెండూ 68 డిగ్రీలకే పగులుతాయి. కానీ తాలింపు గరిటె మూకుడు కంటే ముందు కాగినట్టు, సన్నది ముందు పగులుతుంది. ఇంటికీ, ఆఫీసుకూ సన్నదే పెట్టించుకోండి.

సరుకు కిక్కిరిసిన గోడౌన్‌లో మాత్రం వేగం ఒక్కటే చూడకూడదు. మంట ఉధృతంగా లేస్తే దూరంగా ఉన్న స్ప్రింక్లర్ తలలు కూడా గబగబా తెరుచుకుని, అసలు చోట నీటి ఒత్తిడి పడిపోవచ్చు. అలాంటిచోట వేగంతోపాటు కుండపోతగా నీళ్లు వదిలే ఈఎస్ఎఫ్ఆర్ రకం కావాలి, దానికి తగ్గ పంపు కూడా ఉండాలి.