లక్షా పన్నెండు వేల కిలోమీటర్లు: నా స్ప్లెండర్‌లో పోయించిన ఆయిళ్ల కథ

నా బండి హీరో స్ప్లెండర్ ప్లస్. 2017 జూన్‌లో నెల్లూరులో కొన్నాను. ఇప్పుడు రీడింగ్ 1,12,000 దాటింది. క్లచ్ ప్లేట్లు ఒకసారి, టైమింగ్ చైను ఒకసారి మార్చాను. బోర్ (పిస్టన్ ఆడే గొట్టం) మాత్రం ఇంతవరకు విప్పలేదు.

నాది రొయ్యల మేత షాపులో పని. కోవూరులో బయల్దేరి విడవలూరు, రామతీర్థం, ఇందుకూరుపేట వైపు చెరువుల చుట్టూ రోజూ నలభై, యాభై కిలోమీటర్లు తిరుగుతాను. అందులో సగం చెరువు గట్ల మీదే. వెనక రెండు మేత బస్తాలు, ఒక్కోటి పాతిక కిలోలు. ఫస్ట్ గేరు, సెకండ్ గేరు తప్ప మూడోది పడదు. స్ప్లెండర్ ఇంజన్ గాలితో చల్లబడేది. హైవే మీద అరవైలో పోతుంటే గాలి బాగా తగులుతుంది, ఇంజన్ హాయిగా ఉంటుంది. గట్టు మీద పది, పదిహేను స్పీడులో బరువు లాగుతుంటే ఆ గాలి ఉండదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండలో మధ్యాహ్నం రెండింటికి గట్టు మీద బండి ఆపితే ఇంజన్ రెక్కల (ఫిన్నుల) దగ్గర చెయ్యి పెట్టలేం. ఆయిల్‌కి అసలు పరీక్ష అక్కడే. ఈ ఎనిమిదేళ్లలో రకరకాల ఆయిళ్లు పోయించాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ఫ్రీ సర్వీసులు అయిపోయేదాకా కంపెనీ వాళ్లు పోసిందే పోశారు. అది 10డబ్ల్యూ30 (ఆయిల్ చిక్కదనం చెప్పే గ్రేడు). తర్వాత ఇంటి దగ్గర మెకానిక్ షెడ్డుకు మారాను. మెకానిక్ మంచివాడు, పనిమంతుడు. డబ్బా మూత తీసి రెండు చుక్కలు వేళ్ల మధ్య రుద్ది చూపించాడు. "పది ముప్పై నీళ్ల మాదిరి ఉంటాదన్నా. మన ఎండలకి నిలబడదు. ఇరవై నలభై పోసుకోండి, ఇంజన్‌కి భద్రం" అన్నాడు. వేళ్ల మధ్య నిజంగానే పల్చగా ఉంది. సరేనన్నాను. సుమారు 20,000 నుంచి 48,000 దాకా 20డబ్ల్యూ40 మీదే నడిపాను.

నెల్లూరు, ఒంగోలు పక్క ఏ షెడ్డుకు పోయినా ఈ మాట వినిపిస్తుంది. అది ఎక్కడ తప్పుతుందో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె గడ్డకట్టే చలిలో ఆయిల్ ఎంత కదులుతుందో చెబుతుంది. 10డబ్ల్యూ పరీక్ష మైనస్ 25 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూ పరీక్ష మైనస్ 15 దగ్గర. మనకు సంక్రాంతి చలిలో కూడా దాని గురించి బెంగ అక్కర్లేదు. చివరి అంకె, అంటే 30 గానీ 40 గానీ, ఆయిల్ 100 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు ఎంత చిక్కగా ఉంటుందన్నదానికి సంబంధించింది. ఇంజన్ లోపల ఆయిల్ పని చేసేది ఆ వేడిలోనే. షెడ్డులో నీడపట్టున చల్లగా ఉన్న ఆయిల్‌ని వేళ్లతో రుద్దితే ఆ సంగతి తెలియదు. వేడెక్కాక ఇరవై నలభై కూడా నీళ్లలాగే పారుతుంది. ఏ వేడిలో ఎంత చిక్కదనం కావాలో చూసుకునే ఇంజన్ తయారుచేసినవాళ్లు పుస్తకంలో 10డబ్ల్యూ30 అని రాశారు. లోపలి సందులు, ఆయిల్ పంపు అన్నీ దానికి తగ్గట్టే ఉంటాయి.

20డబ్ల్యూ40తో ఇంజన్‌కి ఏమన్నా అయిందా అంటే ఏమీ కాలేదు. నిజం చెప్పాలి. టాపెట్ల శబ్దం కొంచెం తగ్గినట్టు కూడా అనిపించింది. కానీ పొద్దున్నే మొదటి గేరు వేస్తే టక్కుమని గట్టిగా పడేది, మొదటి రెండు కిలోమీటర్లు బండి బరువుగా కదిలేది. మైలేజీ 64, 65 నుంచి 60, 61కి దిగింది. ట్యాంకు నింపి మళ్లీ నింపేదాకా మూడుసార్లు లెక్క చూశాను. టైర్లూ పాతబడ్డాయి కాబట్టి మొత్తం ఆయిల్ మీదికి తోయను. కానీ టైర్లు అవే ఉండగా మళ్లీ 10డబ్ల్యూ30కి వచ్చాక 63 దాకా లేచింది. పాత మోడళ్లకు ఇరవై నలభై వాడిన రోజులున్నాయి. ఆ అలవాటే షెడ్డుల్లో ఇప్పటికీ నడుస్తోంది.

గ్రేడు విషయంలో అటూ ఇటూ అయితే పోయేది మైలేజీలో మూడు, నాలుగు కిలోమీటర్లు. డబ్బా మీద ఇంకో మాట ఉంటుంది, అది చూసుకోకపోతే నష్టం పెద్దది. అదే జాసో ఎంఏ. నాకు ఈ పాఠం 51,000 దగ్గర తెలిసింది. మా బావ కారు సర్వీసు చేయించినప్పుడు ఖరీదైన సింథటిక్ ఆయిల్ లీటరు మిగిలింది, 5డబ్ల్యూ30. "వృథాగా పోతుంది, నీ బండికి పోసుకో రా" అని ఇచ్చాడు. కారుకే సరిపోయేది బైకుకి ఎందుకు సరిపోదని పోయించాను. మొదటి రెండు రోజులు వెన్నలాగా ఉంది. మూడో రోజు రెండు బస్తాలు వేసుకుని పెన్నా బ్రిడ్జి మీద పోతుంటే యాక్సిలరేటర్ తిప్పిన కొద్దీ ఇంజన్ అరుస్తోంది, బండి మాత్రం కదలట్లేదు. వెనక లారీలు హారన్లు. చాలా టెన్షన్ పడ్డాను.

కారులో క్లచ్ పొడిగా, ఇంజన్ ఆయిల్‌తో సంబంధం లేకుండా ఉంటుంది. మన బైకుల్లో ఇంజన్, గేర్‌బాక్స్, క్లచ్ మూడూ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కారు ఆయిల్లో పెట్రోలు ఆదా కోసం రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. అవి క్లచ్ ప్లేట్ల మధ్యకు చేరితే ప్లేట్లు పట్టుకోవాల్సింది పోయి జారతాయి. అందుకే జపాన్ వాళ్లు మోటారుసైకిళ్ల కోసం జాసో అనే వేరే ప్రమాణం పెట్టారు. ఎంఏ, ఎంఏ2 అంటే క్లచ్ పట్టుకునే ఆయిల్. ఎంబీ అంటే జారుడు ఎక్కువ, గేర్లు లేని స్కూటర్లకు అది. ఇంట్లో యాక్టివా లాంటి స్కూటర్ ఉంటే దాని డబ్బా బైకులో పోయకండి. నా బండికి ఆ ఆయిల్ తీసేసి రెండుసార్లు మార్చినా జారుడు పూర్తిగా పోలేదు. చివరికి ప్లేట్లు మార్చాల్సి వచ్చింది. బావ మంచికే ఇచ్చాడు, చదువుకుని పోయించాల్సింది నేను.

డబ్బా మీద ఏపీఐ అని కూడా ఉంటుంది, అది అమెరికా వాళ్ల ప్రమాణం. ఎస్‌జే, ఎస్‌ఎల్, ఎస్‌ఎం, ఎస్‌ఎన్ అలా పోయి 2020లో వచ్చిన ఎస్‌పీ, 2025లో వచ్చిన ఎస్‌క్యూ దాకా. ఎస్ తర్వాతి అక్షరం ముందుకు పోయేకొద్దీ కొత్త ప్రమాణం. పుస్తకంలో చెప్పినదానికి సమానమో, దాని తర్వాతదో అయితే చాలు, పక్కన జాసో ఎంఏ గుర్తు ఉండాలి.

2021 నవంబరు వరద గురించి కూడా చెప్పాలి. పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయిన రోజులవి. మా వీధిలో నీళ్లు ఒక రాత్రి, సగం పగలు నిలబడ్డాయి. బండి ట్యాంకు కింది దాకా మునిగింది. నీళ్లు తీశాక మా వీధిలో ఒకాయన ఆత్రంగా కిక్ కొట్టాడు, ఇంజన్ బోర్‌కి పోయింది. నేను డిప్‌స్టిక్ తీసి చూశాను. నల్లగా ఉండాల్సిన ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది, అంచుల్లో నురగ. ఆ రంగు కనిపిస్తే స్టార్ట్ చెయ్యకూడదు. బండి తోసుకుంటూ షెడ్డుకు పోయాను. కింద నట్టు విప్పగానే ముందు బొటబొటా నీళ్లు వచ్చాయి, తర్వాత చిక్కటి మజ్జిగలాంటిది. ప్లగ్గు తీసి ఆరబెట్టి, కార్బురేటర్ కడిగి, ఎయిర్ ఫిల్టర్ కొత్తది వేసి, తక్కువ ధర 10డబ్ల్యూ30 పోసి కొద్ది నిమిషాలు నడిపి తీసేశాం. రంగు మామూలుగా వచ్చేదాకా అలా మూడుసార్లు. మూడు డబ్బాలు ఖర్చయినా ఇంజన్ దక్కింది.

ఆయిల్ నల్లబడితే మాత్రం కంగారు పడక్కర్లేదు. మసిని తనలోకి తీసుకోవడం దాని పనుల్లో ఒకటి. పాలరంగే ప్రమాదం.

వరద తర్వాత బండి మీద జాలేసి ఫుల్ సింథటిక్‌కి మారాను. మోటుల్ 7100, 10డబ్ల్యూ30, ఎంఏ2. 66,000 నుంచి 90,000 దాకా అదే. తేడా తెలిసింది. మామూలు ఆయిల్‌తో మే నెలలో గంటసేపు గట్ల మీద తిరిగాక న్యూట్రల్ దొరకడానికి రెండు మూడుసార్లు కాలు ఆడించాలి. దీంతో మొదటిసారికే పడేది. రాత్రి ఇంటికొచ్చేటప్పుడు కూడా గేర్లు పొద్దుటిలాగే మెత్తగా ఉండేవి. ఖరీదు పెట్టాం కదా అని ఒకసారి 8,000 దాకా లాగాను, ఆయిల్ కింది గీతకు దిగిపోయింది. మళ్లీ ఆ పని చెయ్యలేదు.

ఇప్పుడు మళ్లీ మామూలు 10డబ్ల్యూ30 ఎంఏ2కే వచ్చాను. ఒకసారి హీరో వాళ్లదే, ఒకసారి ఇండియన్ ఆయిల్ వాళ్ల సర్వో, ఏది తాజా సరుకు దొరికితే అది. లెక్క ఇదీ: నాలుగు వందల డబ్బా 4,000 కిలోమీటర్లకు మారిస్తే కిలోమీటరుకు పది పైసలు. తొమ్మిది వందల సింథటిక్ 6,000కి మారిస్తే పదిహేను పైసలు. నేను ఏడాదికి పద్నాలుగు వేలు తిరుగుతాను కాబట్టి తేడా ఏడు వందలు. పెద్ద డబ్బేం కాదు. అయినా వంద సీసీ ఇంజన్‌కి, దుమ్ములో తిరిగే బండికి, త్వరత్వరగా కొత్త ఆయిల్ పడటమే మేలని నా నమ్మకం. పుస్తకంలో 6,000కి మార్చమని, 3,000 దగ్గర చూసి తగ్గినంత కలపమని ఉంది. నా వాడకం మోటు కాబట్టి 4,000 పెట్టుకున్నాను. బుల్లెట్ ఉన్నవాళ్లకు ఈ లెక్క పనికిరాదు. దానికి 15డబ్ల్యూ50, పాత పల్సర్‌కి 20డబ్ల్యూ50 చెబుతారు. ఎవరి పుస్తకం వాళ్లు చూసుకోవాలి.

పోయించేటప్పుడు పక్కనే నిలబడండి. ఈ బండికి లీటరు పట్టదు. డబ్బాలో ఉంది కదా అని మొత్తం వంపేసే షెడ్డులు ఉన్నాయి. ఎక్కువైతే నురగ కడుతుంది, సీళ్ల దగ్గర కారుతుంది. బండిని మెయిన్ స్టాండ్ మీద నిలబెట్టి, కాసేపు నడిపి ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగాలి. డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి, మరలు తిప్పకుండా ఊరికే లోపల ఆనించి తీయాలి. తడి రెండు గీతల మధ్య, పై గీతకు దగ్గరగా ఉండాలి. చాలామంది బిగించి తీసి చూస్తారు, లెక్క తప్పుతుంది.

ఇంకొకటి, ఖాళీ డబ్బా అక్కడ వదలొద్దు. పాత ఆయిల్ వడకట్టి, మంచి కంపెనీ డబ్బాల్లో నింపి అమ్మేవాళ్లు ఉన్నారు. ఒకసారి నాకే సీలు అతికించినట్టున్న డబ్బా వచ్చింది, మూత తీస్తే కమురు వాసన. పోయించకుండా వెనక్కి ఇచ్చేశాను. అప్పటి నుంచి డబ్బా నేనే కొని తీసుకుపోతాను, పోయడం అయ్యాక బ్లేడుతో అడుగు కోసేస్తాను. మెకానిక్ మొదట మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఇప్పుడు తనే బ్లేడు అందిస్తున్నాడు.

90,000 దాటాక ఆయిల్ కొద్దికొద్దిగా తగ్గుతోంది. రెండు వేల కిలోమీటర్లకు వంద మిల్లీలీటర్ల దాకా కలుపుతున్నాను. "పాత బండి కదన్నా, ఇప్పుడైనా ఇరవై నలభై పోద్దాం" అంటున్నాడు మెకానిక్. ముందు వాల్వ్ సీళ్లు (పైనుంచి ఆయిల్ సిలిండర్లోకి దిగకుండా ఆపేవి) మార్చి చూద్దామన్నాను. సీళ్లు తెచ్చి పెట్టాను. వచ్చే మార్పు 1,14,300 దగ్గర, సైడ్ డోమ్ (సీటు కింది పక్క మూత) లోపల మార్కర్‌తో రాసుంది. ఆ రోజే రెండు పనులూ.