టెంట్ ట్యాగ్ మీద అంకెలు, లంబసింగి మంచు

లంబసింగిలో టెంట్ వేసుకుని పడుకుందాం అనుకునేవాళ్లందరూ ముందు అడిగేది "చలి ఎన్ని డిగ్రీలుంటుంది?" అని. నన్నడిగితే చలి కంటే ముందు తడి గురించి అడగాలి. డిసెంబరు, జనవరిల్లో అక్కడ రాత్రిపూట ఒంటి అంకె డిగ్రీలు మామూలే, ఒక్కో రాత్రి సున్నా దగ్గరికి కూడా పోతుంది, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు కదా, పైగా మబ్బులేని రాత్రుల్లో చల్లగాలి బరువెక్కి కొండల మీంచి జారి పల్లంలో చేరుతుంది. అయినా దుప్పటి మీద దుప్పటి కప్పుకుంటే ఆ చలిని ఓర్చుకోవచ్చు. ఆ దుప్పటే తడిసిపోతే ఎన్ని కప్పుకున్నా లాభం లేదు.

మేం దిగిన ప్రైవేటు క్యాంపులో టెంట్లన్నీ ఒకే పొరవి. వైజాగ్ నుంచి నర్సీపట్నం మీదుగా వంద కిలోమీటర్ల పైచిలుకు వచ్చి, వేడివేడిగా తిని, మంట కాసుకుని పడుకుంటే తెల్లవారుజామున ముఖం మీద చుక్కలు పడ్డాయి. క్యాంపు కుర్రాడు "మంచు కురిసింది సార్" అన్నాడు. కురిసింది మంచు కాదు, మా ఊపిరే. ఇద్దరు మనుషులు రాత్రంతా వదిలిన ఆవిరి చల్లటి గుడ్డకి తగిలి నీళ్లయిపోతుంది, ఒకటే పొర ఉంటే ఆ నీళ్లు మన మీదే పడతాయి. డబుల్ వాల్ అని రాసి ఉన్న టెంట్‌లో లోపల జాలీగుడ్డతో ఒక గది, దాని మీద కాస్త ఎడంగా రెయిన్ ఫ్లై, అంటే వానకి అడ్డంగా కప్పే పైగుడ్డ ఉంటాయి. నీళ్లు ఫ్లైకి పట్టి, దాని వెంటే కిందికి జారిపోతాయి. అయితే ఆ ఎడం ఉండాలంటే తాళ్లు బిగించి లాగి మేకులు కొట్టాలి. చాలా క్యాంపుల్లో టెంట్ మంచిదే ఉన్నా తాళ్లు సంచిలోనే ఉంటాయి! ఫ్లై లోపలి గుడ్డకి అతుక్కుపోతుంది, మళ్లీ మొదటికే వస్తుంది. బుక్ చేసేటప్పుడు క్యాంప్‌ఫైర్ గురించి వాళ్లే చెప్తారు, మీరు మాత్రం టెంట్ రెండు పొరలదా, కింద ఏం మ్యాట్ వేస్తారు అన్నవి ఫోన్లోనే అడిగేయండి. భోజనానికి, కుర్రాళ్ల మర్యాదకి ఆ క్యాంపుకి మంచి మార్కులే వేస్తాను, బాత్రూములకి మాత్రం వేయలేను.

ఆ జాలీగుడ్డ సంగతి ఇంకొకటుంది. ఏజెన్సీలో మలేరియా ఉంది, చలికాలమైనా సరే దోమ దూరని సన్నజాలీ లేని టెంట్ వద్దు.

ఇక వాటర్‌ప్రూఫ్ అంకెలు. 1500 మి.మీ., 2000 మి.మీ. అని రాస్తారు చూడండి, అది వానల లెక్క కాదు. గుడ్డ మీద గొట్టం నిలబెట్టి నీళ్లు నింపుతూ పోతే ఎంత ఎత్తు నీటి బరువుకి గుడ్డ చెమర్చడం మొదలవుతుందో ఆ ఎత్తు అది. చలికాలం మన కొండలకి 1500 సరిపోతుంది. అడుగు గుడ్డకి మాత్రం ఇంకా ఎక్కువ చూసుకోవాలి, తడినేల మీద మోకాలు ఆనించినప్పుడు పడే ఒత్తిడి వానచుక్క కంటే చాలా ఎక్కువ. "త్రీ సీజన్" అంటే మంచు గడ్డకట్టే చలికాలం తీసేయగా మిగిలిన మూడు కాలాలు, అదీ చలిదేశాల లెక్కలో. మన జూలై ముసురు, అక్టోబరు, నవంబరు తుఫాన్లు ఆ మూడింట్లో ఎక్కడా లేవు. 2014లో హుద్‌హుద్ తుఫాను చూసిన వైజాగ్ వాళ్లకి గాలి గురించి నేను చెప్పక్కర్లేదు, వాయుగుండం అని వార్త వస్తే ఏ టెంట్ అయినా ఇంట్లోనే ఉంచండి. "టూ పర్సన్" అన్నది కూడా భుజం భుజం రాసుకుంటూ పడుకునే ఇద్దరికి, బ్యాగులు బయటే. ఇద్దరికైతే ముగ్గురి టెంట్ తీసుకోండి.

స్లీపింగ్ బ్యాగ్ మీద మూడు ఉష్ణోగ్రతలుంటాయి, మన షాపుల్లో ఎక్కువ మోసం జరిగేది ఇక్కడే. కంఫర్ట్ అంటే హాయిగా కాళ్లు చాపుకుని నిద్రపోగలిగే ఉష్ణోగ్రత. లిమిట్ అంటే ముడుచుకుని పడుకుంటే ఎలాగో నెట్టుకు రాగలిగేది. ఎక్స్‌ట్రీమ్ అంటే నిద్ర సంగతి దేవుడెరుగు, ప్రాణం నిలుస్తుందా అన్న లెక్క. బ్యాగ్ మీద పెద్ద అక్షరాలతో "మైనస్ 5" అని ఉంటే అది ఈ మూడింట్లో ఏదో వెతకండి, ఎక్కువసార్లు మూడోదే. లంబసింగికి కంఫర్ట్ 5 డిగ్రీలున్నది, లోపల స్వెట్టరూ మంకీ క్యాప్ ఉంటే సరిపోతుంది. బాతుల మెత్తటి నూగు నింపిన డౌన్ బ్యాగులు తేలిక, చిన్నగా మడతపడతాయి, చూడగానే ఆశ పుడుతుంది. కానీ డౌన్ తడిస్తే ఉబ్బు పోయి తడిపిన దూదిలా చతికిలబడుతుంది, అప్పుడు వెచ్చదనం ఉండదు. పైగా వైజాగ్ ఉక్కకి ఇంట్లో అల్మారాలో దాచడం కూడా కష్టమే. మనకి సింథటిక్ బ్యాగే మంచిది, బరువు కాస్త ఎక్కువైనా కాస్త తడిసినా పనికొస్తుంది, ధరా తక్కువే.

అంత మంచి బ్యాగ్ తెచ్చుకుని కూడా "వీపు గడ్డకట్టింది" అనేవాళ్లు ఉంటారు. బ్యాగ్ అడుగు భాగం మన బరువుకి నలిగిపోతుంది, వేడంతా నేలలోకి పోతుంది. దాన్ని ఆపేది మ్యాటే. మ్యాట్ మీద ఆర్-వాల్యూ అని రాసి ఉంటుంది, ఎంత ఎక్కువుంటే అంత వేడి ఆపుతుంది. ముడతల ఫోమ్ మ్యాట్ దాదాపు 2 ఇస్తుంది, మనకి అది చాలు. గాలి నింపే పరుపు మెత్తగా ఉంటుంది గానీ లోపల ఏ పొరా లేకపోతే అందులో గాలి తిరుగుతూ చల్లబడుతుంటుంది. ఖర్చు ఎక్కడో ఒకచోట తగ్గించుకోవాలంటే మ్యాట్ దగ్గర మాత్రం తగ్గించకండి.

వంజంగిది వేరే లెక్క. అక్కడికి జనం వెళ్లేది తెల్లవారి లోయలో పరుచుకునే మబ్బుల కోసం, దానికి టెంట్ మోయడం అనవసరం. పాడేరు దాకా ఆర్టీసీ బస్సులో వెళ్లి, రాత్రి లాడ్జిలో పడుకుని, చీకట్లోనే ఆటోలో బయలుదేరి కొండెక్కితే చాలు. లాడ్జి గదులు సాదాసీదావి, వేడినీళ్లు వస్తాయా లేదా ముందే కనుక్కోండి. చీకట్లో రాళ్ల దారి కాబట్టి సెల్‌ఫోన్ లైటు కాకుండా తలకి పెట్టుకునే లైటు కావాలి. వెలుగు లెక్క ల్యూమెన్లలో ఉంటుంది, 150, 200 ల్యూమెన్లు చాలు, వెయ్యి ల్యూమెన్లు పెట్టుకొచ్చి ఎదుటివాళ్ల కళ్లల్లో కొట్టే మహానుభావులకి దండం. దాని మీద ఐపీఎక్స్4 అని ఉంటే చినుకులకి తట్టుకుంటుంది, నీళ్లలో పడితే తట్టుకుంటుందని కాదు.

వీపుకి తగిలించుకునే బ్యాగ్ కొనేటప్పుడు లీటర్లు చూసి కొంటారు అందరూ. ఒక రాత్రికి 40 లీటర్లు ధారాళం. అంతకంటే ముఖ్యం నడుం పట్టీ తుంటి ఎముకల మీద కూర్చుంటుందా లేదా అన్నది, బరువు మోయాల్సింది అవే, భుజాలు కాదు. షాపులో ఖాళీ బ్యాగ్ తగిలించుకుని అద్దంలో చూసుకుంటే ఏం తెలియదు, ఐదారు కిలోలు వేయించుకుని నాలుగడుగులు నడిచి చూడండి.

అరకుకైతే కిరండూల్ రైలే ఎక్కండి, యాభైకి పైగా సొరంగాలు, అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ బోగీలో సీటు దొరికితే అదృష్టం. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే టెంట్లు మానేసి టూరిజం వాళ్ల హరిత గదులో, అరకు దారిలోని టైడాలో జంగిల్ బెల్స్ రిసార్టో చూసుకోవడం సుఖం, అయితే సంక్రాంతి ముందూ వెనకా చాలా ముందే బుక్ చేయాలి. రైల్లో స్టవ్ గ్యాస్ డబ్బాలు నిషేధం, బ్యాగ్‌లో దాచి తీసుకెళ్లొచ్చు అనే సలహాలు వినకండి. కారులో వెళ్లేవాళ్లకి ఇంకో మాట: పొడుగు డబ్బాల్లో ఉండే మామూలు బ్యూటేన్ సున్నా దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది, నాలుగైదు డిగ్రీలకే మంట నీరసపడిపోతుంది. ఐసోబ్యూటేన్ కలిసిన డబ్బా అయితే ఆ ఇబ్బంది ఉండదు. అయినా అరకు, లంబసింగి రోడ్ల మీద తెల్లారేసరికి టీ, బొగ్గుల మీద బొంగు చికెన్ దొరుకుతున్నప్పుడు స్టవ్ ఎందుకో నాకైతే అర్థం కాదు.

కొత్త టెంట్‌ని భీమిలి బీచ్‌లో వేసి చూద్దాం అనుకునేవాళ్లు పగలే వేసుకుని సాయంత్రానికి తీసేయండి. సన్న మేకులు ఇసుకలో నిలవవు, చిన్న సంచులు ఇసుకతో నింపి తాడు కట్టి పూడ్చితే నిలుస్తాయి. చలికాలం చివర మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, రాత్రి లైట్లకి గుడ్లలోంచి వచ్చిన తాబేలు పిల్లలు దారి తప్పి సముద్రం వైపు కాకుండా రోడ్డు వైపు పాకుతాయి, అందుకే ఆ నెలల్లో తీరం మీద రాత్రి క్యాంపు అసలు వద్దు.