బీసీఎం పోయిందట: కొత్తదా, సెకండ్ హ్యాండా, ఉన్నదే బాగు చేయించడమా?

రిమోట్ నొక్కితే పక్క తలుపు తెరుచుకుంటుంది, వెనక తలుపు కదలదు. వైపర్లు వాటికి తోచినప్పుడు తిరుగుతాయి. రాత్రి బాగానే నిలిపిన వ్యాన్ పొద్దునకల్లా బ్యాటరీ డౌన్. వర్క్‌షాపుకి తీసుకెళ్తే స్కానర్ పెట్టి చూసి చటుక్కున తేల్చేస్తారు: "బీసీఎం పోయింది, మార్చాలి." అసలు టెన్షన్ అక్కడ మొదలవుతుంది. కొత్తది వేయించాలా, స్క్రాప్ యార్డు నుంచి ఇంకో బండిది తెచ్చుకోవాలా, ఉన్నదాన్నే బాగు చేయించాలా?

బీసీఎం అంటే బాడీ కంట్రోల్ మాడ్యూల్. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ వేరు. ఇది లైట్లు, వైపర్లు, హారన్, పవర్ విండోలు, సెంట్రల్ లాక్ వంటివి చూసుకుంటుంది. చాలా బళ్లలో తాళంచెవిలోని చిప్పును గుర్తుపట్టి ఇంజిన్‌కి అనుమతిచ్చే ఇమ్మొబిలైజర్ కూడా దీని చేతిలోనే ఉంటుంది. మెర్సిడెస్ స్ప్రింటర్‌లో ఇలాంటి పనే చేసే పెట్టెను ఎస్‌ఏఎం అంటారు. పేరేదైనా, దాని మెమరీలో ఆ ఒక్క బండికే చెందిన సమాచారం ఉంటుంది: ఛాసిస్ నంబరు, బండిలో ఏయే సౌకర్యాలు ఉన్నాయన్న వివరం, తాళాల లెక్క, కొన్నిట్లో తిరిగిన కిలోమీటర్లు. పెట్టె ఎక్కడైనా దొరుకుతుంది, ఆ సమాచారం దొరకదు. అందుకే ఏది మేలు అని ఎవరు అడిగినా నేను తిరిగి అడిగేది ఒక్కటే: పాతదాని మెమరీ ఇంకా చదవడానికి వస్తోందా?

ఆ మాటకి వెళ్లే ముందు ఇంకోటి తేలాలి.

అసలు పోయింది బీసీఎమేనా?

గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చే పని ఈ విషయంలో జరిగినంతగా ఇంకెక్కడా జరగదు. స్కానర్‌లో యూ0140 అన్న కోడ్ కనిపించగానే బీసీఎం చచ్చిపోయిందని రాసేస్తారు. ఆ కోడ్‌కి అర్థం బండిలోని మిగతా మాడ్యూళ్లకి, అంటే ఇలాంటి ఇతర కంట్రోల్ పెట్టెలకి, బీసీఎం నుంచి మాట అందడం లేదని మాత్రమే. దానికి కరెంటు రాకపోయినా, ఎర్త్ తెగినా, మధ్యలో వైరు నలిగినా అదే కోడ్ వస్తుంది.

బీసీఎంకి కరెంటు ఒకే ఫ్యూజు నుంచి రాదు, చాలా బళ్లలో నాలుగైదు దారుల్లో వస్తుంది. అందులో ఒకటి కాలితే సగం పనులు నడుస్తాయి, సగం ఆగిపోతాయి. చూసేవాళ్లకి లోపల బోర్డు పిచ్చెక్కినట్టే ఉంటుంది. ఎర్త్ అయితే మరీ మాయలమారి. బ్రేక్ తొక్కితే ఇండికేటర్ మసకగా వెలిగిందంటే, తిరిగి పోవడానికి సరైన దారి లేక కరెంటు పక్క బల్బులోంచి దారి వెతుక్కుంటోందన్నమాట. అక్కడ తప్పు ఛాసిస్‌కి బిగించిన ఎర్త్ బోల్టు కింది తుప్పుది.

వీటిని పట్టుకోవడానికి మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి చూస్తే లాభం లేదు. వైరులో ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది, ఆ పోగు మీద హెడ్‌లైట్ మాత్రం వెలగదు. లోడ్ పెట్టి కొలవాలి. లైట్లు వేసి ఉంచి, బీసీఎం ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య వోల్టేజీ చూడండి. 0.1, మహా అయితే 0.2 వోల్టు. అంతకు మించితే బోల్టు విప్పి, గీకి, మళ్లీ బిగించాల్సిందే. ఇక మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ వైర్ల జంట. సాధారణంగా దాని రెండు చివర్లా 120 ఓంల రెసిస్టర్లు ఉంటాయి. బ్యాటరీ విప్పి కొలిస్తే రెండు వైర్ల మధ్య 60 ఓంలు రావాలి. 120 వస్తే ఎక్కడో ఒక చివర తెగింది. సున్నాకి దగ్గరగా వస్తే రెండు వైర్లు ఒకదానికొకటి తగులుతున్నాయి. ఆ రెండు సందర్భాల్లోనూ తప్పు వైర్లలో ఉంటే ఎంత కొత్త బీసీఎం పెట్టినా బండి తీరు మారదు.

ట్రక్కులు, వ్యాన్లలో ఇంకో తలనొప్పి ఉంది. కంపెనీ నుంచి వచ్చినట్టు అవి ఉండవు. బాడీ కట్టినవాళ్లు ఒక వైరు లాగుతారు, ట్రైలర్ సాకెట్ పెట్టినవాళ్లు ఇంకోటి, వెనక లోడింగ్ లైటు పెట్టినవాళ్లు మరోటి. ఇప్పటి బీసీఎంలలో చాలా లైట్లని రిలేలు కాకుండా చిన్న ఎలక్ట్రానిక్ స్విచ్‌లు నడుపుతాయి. ఆ వైర్లలో ఏదైనా షార్ట్ అయితే ఆ స్విచ్‌లే ఆపేసుకుంటాయి. ఫోర్డ్ అయితే ఒక అడుగు ముందుకేసి, దాని బీసీఎంలలో ఈ షార్ట్‌లు ఎన్నిసార్లు అయ్యాయో లెక్క రాసిపెట్టేలా చేసింది. ఆ లెక్క హద్దు దాటితే ఆ అవుట్‌పుట్‌ని శాశ్వతంగా మూసేస్తుంది, కంపెనీ చెప్పే మందు కొత్త మాడ్యూలే. నీళ్లు దిగిన ట్రైలర్ సాకెట్ అలాగే ఉంచి కొత్తది బిగిస్తే, దాని లెక్క కూడా ఆ రోజు నుంచే మొదలవుతుంది.

ఇవన్నీ చూశాక కూడా వేలు బీసీఎం వైపే చూపిస్తే, అప్పుడు బేరంలోకి దిగాలి.

కొత్తది

గ్యారంటీ ఉంటుంది, చరిత్ర ఉండదు, పాత డిజైన్‌లో లోపం ఉంటే సరిదిద్దిన వెర్షన్ రావచ్చు. బండి ఇంకా వారంటీలో ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు, పెట్టె మూత కూడా ఎవరినీ తెరవనివ్వకండి.

చిక్కంతా అది ఖాళీ బుర్రతో రావడంలో ఉంది. ఛాసిస్ నంబరు రాయాలి, సౌకర్యాల వివరం ఎక్కించాలి, తాళాలు మళ్లీ నేర్పాలి. దీనికి కంపెనీ సాఫ్ట్‌వేర్, దాని సర్వర్‌కి లాగిన్ కావాలి. ర్యామ్, డాడ్జ్ వంటి బళ్లలో 2018 మోడళ్ల నుంచి సెక్యూర్ గేట్‌వే వచ్చింది, అనుమతి లేని స్కానర్ చదవగలుగుతుంది కానీ రాయలేదు. "పార్టు తెచ్చుకోండి, బిగించేస్తాం" అనే మెకానిక్‌ని ముందే అడగండి: ప్రోగ్రామింగ్ ఎవరు చేస్తారు, ఇక్కడే అవుతుందా, బండిని ఇంకోచోటికి లాక్కెళ్లాలా? స్టార్ట్ కాని వ్యాన్‌ని లాక్కెళ్లే ఖర్చు చాలామంది లెక్కలో రాదు.

పెద్దగా ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి. సర్వర్ నుంచి దిగేది బండి ఫ్యాక్టరీ గేటు దాటిన నాటి వివరం. ఆ తర్వాత ట్రైలర్ హుక్ పెట్టించి కోడింగ్ చేయించి, అంటే ఆ సంగతి బీసీఎంలో రాయించి ఉంటే, రెండో బ్యాటరీ కలిపి ఉంటే, అది సర్వర్‌కి తెలియదు. కొత్త బీసీఎం పెట్టాక ట్రైలర్ ఇండికేటర్లు పనిచేయకపోతే పార్టు చెడ్డదని గొడవ పడతారు గానీ కారణం ఇదే. పాతది విప్పకముందే స్కానర్‌తో దాని కాన్ఫిగరేషన్ మొత్తం చదివి దాచిపెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

ప్రోగ్రామింగ్ సాగినంతసేపూ బ్యాటరీ వోల్టేజీ నిలకడగా ఉండాలి. మామూలు చార్జర్ కాదు, ప్రోగ్రామింగ్ కోసమే చేసిన స్థిరమైన పవర్ సప్లై తగిలించాలి. మధ్యలో వోల్టేజీ పడిపోతే కొత్త పెట్టె అక్కడికక్కడే పనికిరాకుండా పోవచ్చు.

సెకండ్ హ్యాండ్

ఇందులో రెండు రకాలు, వాటిని కలిపి మాట్లాడటం వల్లే సగం నష్టాలు. ఒకటి, యార్డు నుంచి తెచ్చి నేరుగా బిగించడం. బీసీఎంలో ఇమ్మొబిలైజర్ లేని పాత బళ్లలో ఇది నడిచిపోవచ్చు. ఉన్న బళ్లలో లైట్లు వెలుగుతాయి, హారన్ మోగుతుంది, స్టార్టర్ తిరిగినా ఇంజిన్ మాత్రం అందుకోదు. ఎందుకంటే ఆ పెట్టె ఇంకా తన పాత బండినీ, ఆ తాళాలనే తలుచుకుంటోంది. కొన్ని కంపెనీల మాడ్యూళ్లు ఒకసారి ఒక బండికి అతుక్కుంటే డీలర్ సాఫ్ట్‌వేర్‌తో కూడా ఇంకో బండికి మారవు.

రెండోది క్లోనింగ్. మీ పాత బీసీఎం మెమరీని చదివి, అదే పార్టు నంబరున్న ఇంకో పెట్టెలోకి యథాతథంగా ఎక్కించడం. సరిగ్గా చేస్తే తాళాలు, సౌకర్యాలు, అన్నీ పాతవే. బిగించి బండి తీయడమే. పార్టు నంబరు చివరి అక్షరాలతో సహా కలవాలి, వాటిలోనే హార్డ్‌వేర్ తేడా దాగి ఉంటుంది. భారీ ట్రక్కులది సాధారణంగా 24 వోల్టుల వ్యవస్థ, వ్యాన్లది 12. పెట్టె ఆకారం ఒకటే అయినంత మాత్రాన మార్చి పెట్టేయకూడదు.

యార్డు పార్టుతో నాకున్న అసలు భయం దాని గతం. తుక్కుకి వచ్చిన బండి గుద్దుకుని వచ్చిందో, నీళ్లలో మునిగి వచ్చిందో ఎవరు చెప్తారు? కనెక్టర్ లోపలికి టార్చ్ కొట్టి చూడండి. పిన్నుల మొదట్లో పచ్చటి చిలుము కనిపించినా, మూత అంచున ఎండిన బురద గీత ఉన్నా ఎంత చవకైనా వద్దు. కిలోమీటర్ల లెక్క బీసీఎంలో ఉండే బండి అయితే, క్లోన్ చేయకుండా మార్చినప్పుడు ఆ అంకె తప్పుగా కనబడొచ్చు. మార్చినట్టు కాగితం పెట్టుకోకపోతే రేపు అమ్మేటప్పుడు మీటర్ తిప్పారన్న మాట పడాలి.

ఉన్నదాన్నే బాగు చేయించడం

నేను మొగ్గేది ఇటువైపే. కారణం లోపల సాధారణంగా ఏం చెడుతుందో చూస్తే తెలుస్తుంది. ప్రాసెసర్ పోవడం అరుదు. బోర్డు మీద సోల్డర్ చేసిన రిలే కాంటాక్టులు కాలి అతుక్కుపోతాయి, లేదా లైట్లు నడిపే డ్రైవర్ చిప్పు పోతుంది. ఏళ్ల తరబడి అదురుకి పెద్ద కనెక్టర్ పిన్నుల చుట్టూ సోల్డర్‌కి వెంట్రుకంత పగులు వస్తుంది. భూతద్దం కింద పెడితే పిన్ను చుట్టూ నల్లటి ఉంగరంలా కనబడుతుంది. చలికి ఆగి, ఎండెక్కాక పనిచేసే బీసీఎం అంటే ముందు ఆ ఉంగరం కోసమే వెతుకుతాను. ఇలాంటివాటికి అరచేతిలో పట్టేంత చిన్న విడిభాగం, లేదా కాస్త సోల్డర్ చాలు. మెమరీ జోలికి వెళ్లక్కర్లేదు కాబట్టి ప్రోగ్రామింగూ లేదు, తాళాల బెడదా లేదు.

నీళ్లు దిగినవాటి సంగతి వేరు. విండ్‌షీల్డ్ అంచు నుంచి కారిన నీళ్లు డ్యాష్‌బోర్డ్ కింద బీసీఎం మీద పడటం మామూలే. చిలుము పైపైనే ఉంటే శుభ్రం చేసి, తిన్న ట్రాకులు అతికించి గట్టెక్కించొచ్చు. చిప్పుల కిందికీ, బోర్డు పొరల మధ్యకీ వెళ్లిందంటే బాగైనట్టే కనిపించి మళ్లీ మొరాయిస్తుంది. అప్పుడు మెమరీ చదివించి, క్లోన్‌కి వెళ్లడం తెలివైన పని.

ఎవరికి ఇస్తున్నారన్నదే ఇక్కడ అంతా. విప్పగానే మెమరీ కాపీ తీస్తారా, బాగయ్యాక నిజమైన బల్బుల లోడ్ పెట్టి పరీక్షిస్తారా, కుదరకపోతే చెడగొట్టకుండా తిరిగిస్తారా? ఈ మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే పెట్టె వాళ్ల చేతికి ఇవ్వకండి. కొరియర్‌లో పంపాల్సి వస్తే బండి అన్ని రోజులూ నిలబడే ఉంటుంది. రోజూ సరుకు వేసే వ్యాన్‌కి ఆ నిలిచిన రోజుల నష్టం పార్టు ఖరీదుని మించొచ్చు, అప్పుడు దగ్గర్లో వెంటనే దొరికే క్లోనే నయం.

పాతది ఇచ్చి, బాగు చేసి సిద్ధంగా ఉంచిన ఇంకోటి పుచ్చుకునే ఎక్స్ఛేంజ్ పద్ధతీ ఉంది. మీ ఛాసిస్ నంబరుతో ప్రోగ్రామ్ చేసి పంపితే మంచిదే. కానీ పాతదాన్ని పంపాక అందులోని మెమరీ కూడా పోయినట్టే, కాబట్టి వాళ్లు పంపినది బిగించి, అన్నీ పనిచేసేదాకా పాతది చేజార్చుకోవద్దు.

మెమరీ ఏ రకంగానూ చదవడానికి రాకపోతే ఇక కొత్తదే. అక్కడ చవక బేరాలకి చోటు లేదు.

ఏది వేయించినా బండి తీసుకునే ముందు నిద్ర కరెంటు కొలిపించండి. ఇగ్నిషన్ ఆపి, తలుపులు లాక్ చేసి ఆగాలి. మాడ్యూళ్లన్నీ నిద్రపోవడానికి కొన్ని బళ్లలో 20 నిమిషాలు పడుతుంది, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. ఆ తర్వాత బ్యాటరీ నుంచి లాగే కరెంటు మామూలుగా 50 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు. దాటుతోందంటే ఏదో మాడ్యూల్ ఇంకా మేలుకునే ఉంది, చాలాసార్లు అది సరిగా కోడింగ్ కాని బీసీఎమే. పైకం చెల్లించకముందే మీటర్ అంకె మీ కళ్లతో చూసుకోండి.