రెడీమేడ్ రేసింగ్ డ్రోన్: సీలు పెట్టెలో వచ్చిందా, మనవాళ్ళు కట్టి ఇచ్చిందా?

"ఎఫ్‌పీవీ రేసింగ్ క్వాడ్ కొనాలి, సొంతంగా కట్టుకునే ఓపిక లేదు, రెడీమేడ్‌లో ఏది తీసుకోమంటారు?" అని ఈమధ్య తెగ అడుగుతున్నారు. ఎఫ్‌పీవీ అంటే డ్రోన్ కెమెరా పంపే బొమ్మను గాగుల్స్‌లో చూస్తూ ఎగరేయడం, క్వాడ్ అంటే నాలుగు ప్రాపెల్లర్ల డ్రోన్. టెక్కలి నుంచి, బొబ్బిలి నుంచి ఫోన్లు. శ్రీకాకుళం ఇంజినీరింగ్ కుర్రాళ్ళయితే గుంపుగా వచ్చి మరీ అడుగుతారు. మొదటి ప్రశ్న ఎప్పుడూ వేగం మీదే. గంటకు నూట యాభై కిలోమీటర్లు పోతుందా అన్నా? పోతుంది తమ్ముడూ. ఐదంగుళాల ప్రాపెల్లర్లు, ఆరు సెల్లుల బ్యాటరీ ఉన్న ఏ మంచి క్వాడైనా పోతుంది. మొదట్లో నీ బొటనవేళ్ళు అందులో సగం వేగాన్ని కూడా పట్టుకోలేవు.

అందుకే నేను వేగం సంగతి పక్కన పెట్టి ఇంకోటి చూస్తాను. పడిన క్వాడ్ మన ఊళ్ళో, మన చేతుల మీద ఎంత త్వరగా మళ్ళీ లేస్తుంది? రేసింగ్ నేర్చుకోవడమంటే రేసు దారిలో దూరి పోవాల్సిన గేటుకు గుద్దుకోవడం, కొబ్బరిచెట్టుకు గుద్దుకోవడం, గట్టు మీద బోర్లా పడటం. పడినప్పుడల్లా పార్శిల్ కోసం వారం పది రోజులు కూర్చుంటే చేతికి అలవాటే పడదు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్నవాళ్ళు సాయంత్రం దుకాణానికి వెళ్ళి మోటారు తెచ్చుకోవచ్చు. మనకు ఆ వీలు లేదు. క్వాడ్‌కు వాడే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ పార్శిల్‌నైతే మామూలుగా విమానంలో ఎక్కించరు, రోడ్డు మీదే రావాలి.

పెద్ద కంపెనీ సీలు పెట్టె గురించి ముందు చెప్పేస్తాను. డీజేఐ 2021లో ఎఫ్‌పీవీ డ్రోన్, 2022లో అవాటా తెచ్చింది. కెమెరా బొమ్మ అద్భుతం, గాల్లో నిలబెట్టడం తేలిక, పెట్టె విప్పిన రోజే ఎగురుతుంది. సముద్రాన్నీ తోటలనూ తీసుకోవడానికి అంతకన్నా సుఖం లేదు. కానీ రేసుకు బరువెక్కువ, లోపల అంతా వాళ్ళ సొంత పద్ధతి. ఒక భాగం పోతే బజారులో దొరికే మామూలు భాగం పట్టదు. రేసింగ్ కోసం అడిగేవాళ్ళకు నేను ఇది చెప్పను.

రెండోది విదేశీ కంపెనీలు కట్టి పంపే 'బైండ్ అండ్ ఫ్లై' క్వాడ్‌లు, అంటే మన రిమోట్‌కు జత చేసి ఎగరేసుకునేవి. ఐఫ్లైట్ వాళ్ళ నాజ్‌గుల్, మాక్ ఆర్5, జీఈపీఆర్‌సీ వాళ్ళ మార్క్5 లాంటివి. సరుకు నిజంగా మంచిది. టంకాలు శుభ్రంగా ఉంటాయి, ట్యూనింగ్ చేసే పంపుతారు. వీటిలోనూ నాజ్‌గుల్, మార్క్5 పల్టీలు కొట్టే ఫ్రీస్టైల్ వైపు మొగ్గినవి. రేసు కోసం పుట్టింది మాక్. ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా 2022 ఫిబ్రవరి 9 నాటి డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) ఉత్తర్వు. తయారైన డ్రోన్లనూ, కిట్‌లుగా విడదీసి పంపేవాటినీ దిగుమతి చేసుకోవడం అప్పటి నుంచి నిషిద్ధం. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకే మినహాయింపు, అదీ అనుమతి తీసుకుని. విడిభాగాలకు మాత్రం అడ్డు లేదు. "పాత స్టాకు", "మా బావ దుబాయ్ నుంచి తెచ్చాడు" అంటూ అమ్మేవాళ్ళున్నారు. బిల్లు ఉండదు, వారంటీ ఉండదు, దిగుమతి ఎలా జరిగిందని ఎవరైనా అడిగితే చెప్పడానికి ముఖం ఉండదు.

మిగిలింది మూడో దారి. విడిభాగాలు తెప్పించి, ఇక్కడే కట్టి, ఎగరేసి చూసి పంపే మన దేశపు బిల్డర్లు. నా ఓటు వీళ్ళకే. నిబంధన ఒక్కటే కారణం కాదు. ఇలా కట్టిన క్వాడ్‌లో ప్రతి భాగం ఏ కంపెనీదో, ఏ సైజుదో మనకు తెలుస్తుంది, ముందే చెప్పి మార్పించుకోవచ్చు కూడా.

ఎక్కడ మార్పించుకోవాలి? మొదట ఫ్రేమ్. మోటార్లను మోసే నాలుగు ఆర్మ్‌లు విడివిడిగా ఊడి రావాలి. అడుగు పలక, ఆర్మ్‌లు ఒకే ముక్కగా కోసిన యూనిబాడీ ఫ్రేమ్ తేలిగ్గా, గట్టిగా ఉంటుంది, నిజమే. కానీ ఒక ఆర్మ్ విరిగిందంటే క్వాడ్ మొత్తం విప్పి కొత్త ఫ్రేమ్‌లోకి మార్చాలి, అంటే ఒక ఆదివారం పోయినట్టే. విడి ఆర్మ్ అయితే పొలం గట్టు మీద కూర్చుని మార్చేయొచ్చు. టీబీఎస్ సోర్స్ వన్ లాంటి ఫ్రేమ్‌కు నమూనా ఫైళ్ళు అందరికీ ఉచితం, ఎవరైనా కార్బన్ పలకలో కోసి ఇవ్వొచ్చు. రేసింగ్ ఫ్రేములంత సన్నగా ఉండదు, గాలికి కాస్త ఎదురు నిలుస్తుంది. నేర్చుకునేవాడికి ఆ తేడా తెలియను కూడా తెలియదు.

ఆర్మ్ మార్చేటప్పుడు ఒక్క చోట జాగ్రత్త. మోటారును పట్టి ఉంచే నాలుగు ఎం3 స్క్రూలు ఆర్మ్ అడుగు నుంచి వస్తాయి. ఐదు మిల్లీమీటర్ల ఆర్మ్‌కు ఎనిమిది మిల్లీమీటర్ల స్క్రూ చాలు. చేతికి దొరికింది కదా అని పన్నెండుది బిగిస్తే దాని మొన లోపలి రాగి చుట్టకు తగులుతుంది. బ్యాటరీ పెట్టగానే పొగ. మోటారు పోతుంది, దాంతోపాటు మోటార్ల వేగాన్ని నడిపే ఈఎస్‌సీ బోర్డు కూడా పోవచ్చు. బిగించాక మల్టీమీటర్‌ను బీప్‌లో పెట్టి, ఒక ముల్లు స్క్రూకీ, ఇంకొకటి మోటారు తీగ టంకానికీ ఆనించండి. బీప్ వస్తే స్క్రూ పొడుగైంది, విప్పేయండి.

రెండోది బోర్డులు. క్వాడ్‌కు మెదడు లాంటి ఫ్లైట్ కంట్రోలర్, ఈఎస్‌సీ వేర్వేరు బోర్డులుగా, 30.5 మిల్లీమీటర్ల రంధ్రాల దూరంతో అడగండి. రెండూ ఒకే బోర్డు మీద ఉంటే బరువు తగ్గుతుంది గానీ ఒక మూల కాలితే మొత్తం కొనాలి. సోనా మసూరి మడిలో పడి తడిసే అవకాశం ఉన్న మనలాంటివాళ్ళకు ఆ ఆదా గిట్టుబాటు కాదు.

మూడోది మోటారు, మన శ్రీకాకుళం వైపు ఇది మరీ ముఖ్యం. కళింగపట్నం, భావనపాడు వైపు ఇసుకలో నల్లటి చారలు చూసే ఉంటారు. ఇల్మనైట్ లాంటి ఇనుము కలిసిన ఖనిజాలవి. మోటారు బెల్ (తిరిగే పై గిన్నె) లోపల ఉండేవి నియోడిమియం అయస్కాంతాలు. ఒక్కసారి ఇసుకలో దిగితే నల్ల గింజలు లోపల అంటుకుపోతాయి, తిప్పితే గరగరమంటుంది. ఊదితే పోదు. బెల్ విప్పి సెల్లోటేపు అతికించి పీకాలి. అందుకని బెల్‌ను అడుగున స్క్రూతో బిగించిన మోటార్లే అడగండి. సన్నని క్లిప్పు ఉన్నవైతే ఆ క్లిప్పు ఎగిరి ఇసుకలో పడిందంటే ఇక వెతకడమే పని. అసలు బీచ్‌లో ఎగరేసేవాళ్ళు ఒక పాత దుప్పటి పరిచి దాని మీద దింపుకుంటే ఈ బాధే ఉండదు.

గాగుల్స్‌లో కనిపించే బొమ్మ విషయానికొస్తే, డిజిటలా అనలాగా అని కొట్టుకోవడం మామూలే. డీజేఐ, వాక్‌స్నెయిల్ కంపెనీల డిజిటల్ బొమ్మ సినిమాలా ఉంటుంది. సిగ్నల్ బలహీనపడినప్పుడు మాత్రం బొమ్మ ఆగిపోయే ప్రమాదముంది. గేటు ముందు అలా ఆగితే గుద్దినట్టే. అనలాగ్‌లో చుక్కలు చుక్కలుగా వస్తుంది, కానీ దారి కనిపిస్తూనే ఉంటుంది. బొమ్మ కంటికి చేరే ఆలస్యం దాదాపు మారకుండా ఉండే హెచ్‌డీజీరో అనే డిజిటల్ పద్ధతి రేసుకు చక్కగా నప్పుతుంది, గాగుల్స్ ఖర్చుకు సిద్ధమైతే తీసుకోండి. కొత్తవాళ్ళకు నేను అనలాగ్ అంటాను. కెమెరా, ట్రాన్స్‌మిటర్ చవక, పగిలితే గుండె పగలదు. ఇంకో లాభం, అదే చానెల్‌కు పెట్టిన చిన్న స్క్రీన్ మీద పక్కవాళ్ళంతా చూడొచ్చు. చీపురుపల్లి దగ్గర కోత అయిన పొలంలో ఎగరేస్తుంటే ఓ పెద్దాయన ఆ స్క్రీన్ చాలాసేపు చూసి, "ఏటి బాబూ, ఇది మందు కొడతాదా?" అన్నాడు. "లేదు తాతా, ఒట్టి పరుగే" అంటే, "మరెందుకు బాబూ ఇంత డబ్బు" అని లేచి వెళ్ళిపోయాడు.

రిమోట్‌కు 2.4 గిగాహెర్ట్జ్ ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్ అనే సిగ్నల్ పద్ధతి ఉన్నది తీసుకోండి, ఇందులో ఆలోచించేదేమీ లేదు. బ్యాటరీ నాలుగు సెల్లులా, ఆరు సెల్లులా అంటే ఆరు. అరచేతిలో పట్టే బుల్లి క్వాడ్ టైనీ వూప్ ఇంట్లో వానాకాలం కాలక్షేపానికి బాగుంటుంది. ఐదంగుళాల క్వాడ్‌కు బదులుగా కాదు, తోడుగా. మూడంగుళాలవి ఎటూ కాని రకం, నాకు నచ్చవు.

ఎగరేసే ముందు రిమోట్‌ను కంప్యూటర్‌కు తగిలించి వెలాసిడ్రోన్, లిఫ్టాఫ్ లాంటి సిమ్యులేటర్ ఆటలో అక్రో మోడ్ (క్వాడ్ తనంతట తాను సమంగా నిలబడని పద్ధతి) చేతికి పట్టే దాకా ఆడండి. ఆ తర్వాతే పొలం. పొద్దున్నే వెళ్ళడం మేలు, మధ్యాహ్నానికి సముద్రపు గాలి అందుకుంటుంది. కోతలయ్యాక మినుములూ పెసలూ వెయ్యని చేను చూసుకుని, రైతును అడిగి దిగండి. సెల్‌కు 3.5 వోల్టులకు వచ్చేసరికి కింద ఉండాలి. ఇంట్లో ఉంచే బ్యాటరీలు 3.8 దగ్గర ఉండాలి.

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రెండు కిలోల లోపు డ్రోన్‌ను వ్యాపారానికి కాకుండా ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అలాగని ఎక్కడపడితే అక్కడ కుదరదు. ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆకుపచ్చ ఉన్నచోటే, 400 అడుగుల లోపే. భోగాపురం విమానాశ్రయం చుట్టుపక్కల వాళ్ళు ఈ మ్యాప్‌ను ప్రతిసారీ చూడాల్సిందే. గాగుల్స్ పెట్టుకుంటే మనకు ఆకాశం కనిపించదు కాబట్టి క్వాడ్‌ను కళ్ళతో కనిపెట్టుకుని ఉండే మనిషి పక్కన కావాలి. తేలినీలాపురం కొంగల దగ్గరికి పోవద్దు. విజయనగరం పైడితల్లి సిరిమాను జాతర రోజు తీస్తే వీడియో అదిరిపోతుందని అడిగేవాళ్ళకు జవాబు: అంత జనం మీద వద్దంటే వద్దు.

బిల్డర్‌కు డబ్బు కట్టేటప్పుడే రెండు ఆర్మ్‌లు, ఒక మోటారు, పది జతల ప్రాపెల్లర్లు కూడా అదే పార్శిల్‌లో వేయమనండి. ఆర్మ్ వందల్లోనే వస్తుంది, మోటారు ఒకటిన్నర రెండు వేలు. ఇంకా, ఫ్లైట్ కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ బీటాఫ్లైట్‌లో 'డిఫ్ ఆల్' అనే ఆదేశం కొట్టి వచ్చిన సెట్టింగుల ఫైలు పంపమని అడగండి. రేపు ఫ్లైట్ కంట్రోలర్ పోయి అదే రకం కొత్తది వేసుకున్నా, అదే వెర్షన్ ఎక్కించి ఈ ఫైలు పేస్ట్ చేస్తే ట్యూనింగ్ మొత్తం వెనక్కి వస్తుంది. ఈ ఫైలు ఇవ్వడానికి నసిగే బిల్డర్ దగ్గర కొనకండి.