ఎడ్‌టెక్ కోర్సు చేసి కొన్నేళ్లయ్యాక నా క్లాసులో మిగిలినవి

ఆన్‌లైన్ శిక్షణ మా టీచర్లకు కొత్తేమీ కాదు. 2020 అక్టోబరులో కేంద్రం టీచర్లకిచ్చే నిష్ఠ శిక్షణ కోర్సులు దీక్ష అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలోకి వచ్చినప్పటి నుంచి ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాం. నేను చెప్పబోయేది వాటి గురించి కాదు. ఎవరి ఆర్డరూ లేకుండా, పరీక్ష ఫీజు చేతి నుంచి కట్టుకుని చేసిన ఎడ్యుకేషనల్ టెక్నాలజీ కోర్సు గురించి. పేరెందుకు లెండి, ఈ రకం కోర్సులు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. సర్టిఫికెట్ వచ్చిన వారంలో రాస్తే పొగడ్తలే వస్తాయని ఇన్నాళ్లూ ఆగాను. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను.

ముందు బాగోలేనివి. ప్రొఫెసరు గారు స్లైడు మీద ఉన్నది ఉన్నట్టు చదువుతారు. ఉపన్యాస పద్ధతిలో పిల్లలు వట్టి శ్రోతలుగా మిగిలిపోతారన్న సంగతి కూడా మాకు సుదీర్ఘమైన ఉపన్యాసంలోనే తెలిసింది. వారం వారం క్విజ్ ఉంటుంది, గడువు ముగిసేలోపే జవాబులు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. తెలుగు సబ్‌టైటిల్స్ లేవు. నాతోపాటు చేరిన ఎస్‌జీటీల్లో (చిన్న తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్లు) కొందరు మధ్యలో మానేశారంటే కారణం అదే. వాళ్లకు పాఠం చెప్పడం రాక కాదు, ఆ ఇంగ్లీషు వేగం అందక.

థియరీలో చాలా పేర్లు వచ్చాయి, పోయాయి. నిలిచింది టీప్యాక్ ఒక్కటే. 2006లో పుణ్య మిశ్రా, మాథ్యూ కోలర్ ప్రతిపాదించిన చట్రం అది. సబ్జెక్టు తెలియడం వేరు, దాన్ని పిల్లలకు చెప్పడం తెలియడం వేరు అని లీ షుల్మన్ 1986లోనే అన్నాడు. వీళ్లు దానికి మూడోది, సాధనం తెలియడం, కలిపారు. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ దీని మీద ఇచ్చిన అసైన్‌మెంటే ఆ కోర్సుకు ప్రాణం. ఒక పాఠం తీసుకుని, అందులో పిల్లలు ఎక్కడ తప్పుగా అనుకుంటారో మొదట రాయాలి. సాధనం పేరు ఆ తర్వాతే. ఒకరిది ఒకరు దిద్దుకోవాలి. నేను విద్యుత్ పాఠం మీద రాసింది దిద్దిన వేరే రాష్ట్రం టీచరు ఒకే ప్రశ్న వేశారు: ‘నిజం బల్బులు ఉండగా దీనికి కంప్యూటర్ ఎందుకు?’

ఆ ప్రశ్నకు జవాబు క్లాసులోనే దొరికింది. పదో తరగతి విద్యుత్ పాఠం. రెండు బల్బులు శ్రేణిలో కలిపితే ఏది బాగా వెలుగుతుందని అడిగితే చాలామంది ‘మొదటిదే సార్’ అంటారు. ఎందుకురా అంటే ‘అది కరెంటు తినేస్తుంది కదా, రెండోదానికి ఏం మిగులుతుంది?’ నిజం టార్చిలైటు బల్బులతో చేసి చూపిద్దామా అంటే ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. రెండోది ఏమాత్రం మసకగా వెలిగినా ‘చూశారా సార్!’ అని వాళ్లే గెలుస్తారు. అందుకని ముందు జవాబు నోట్సులో రాయించి, ఆ తర్వాత ఫెట్ సిమ్యులేషన్, అంటే తెర మీద చేసి చూసే ప్రయోగం, తెరుస్తాను. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది, ఉచితం. తీగలో ఎలక్ట్రాన్లు నీలం గోళీల్లా కదులుతుంటాయి. మొదటి బల్బుకు ముందు, రెండింటి మధ్య, రెండోది దాటాక ఒకే వేగం. అమ్మీటరు ఎక్కడ పెట్టినా అదే రీడింగు. రెండు బల్బులూ సమానంగా, ఒంటరి బల్బు కంటే మసకగా వెలుగుతాయి. అప్పుడు క్లాసులో వచ్చే గోల వినాలి. ‘మరి తినేది ఏంటి సార్?’ అని ఒకడు లేస్తాడు. శక్తి అన్న మాట అక్కడ మొదలుపెడితే పాఠం నేను లాగక్కర్లేదు. నిజం బల్బులు ఆ తర్వాతి పిరియడ్‌లో.

ఒక హెచ్చరిక. షార్ట్ సర్క్యూట్ చేస్తే తెర మీద బ్యాటరీకి మంటలు వస్తాయి. ఒకసారి చూశారా, ఇక ప్రతివాడికీ మంటలే కావాలి. ఆ సరదాకు కాస్త సమయం వదిలేయండి.

ఈ సిమ్యులేషన్లను ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నెట్ లేకపోయినా బ్రౌజర్‌లో నడుస్తాయి, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. మా బడి నెట్ సంగతి తెలిసినవాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

నా క్లాసులో మిగిలిన రెండోది ప్లికర్స్ అనే క్విజ్ యాప్. పిల్లల దగ్గర ఫోన్లు ఉండక్కర్లేదు, టీచరు ఫోను ఒక్కటి చాలు. ఒక్కొక్కరికీ వేరే గుర్తున్న కాగితం కార్డు ఇస్తాం. తమ జవాబును బట్టి ఏ, బీ, సీ, డీల్లో ఒకటి పైకి వచ్చేలా తిప్పి పట్టుకుంటారు. ఫోను కెమెరా క్లాసు మీదుగా తిప్పితే ఎవరేం చెప్పారో వచ్చేస్తుంది. పక్కవాడి కార్డు చూసి కాపీ కొట్టడం కష్టం, ఎందుకంటే గుర్తులు వేరు. చెయ్యెత్తని వెనక బెంచీ ఆడపిల్లల జవాబులు నాకు తెలిసింది దీనివల్లే. కార్డులు అట్టకు అతికించండి. మెరిసే లామినేషన్ వద్దు, వెలుతురు పడితే కెమెరా చదవలేదు.

కహూట్ (ఆన్‌లైన్ క్విజ్ ఆట), ప్యాడ్‌లెట్ (అందరూ కలిసి రాసే ఆన్‌లైన్ గోడ) లాంటివి కోర్సులో ఉత్సాహంగా నేర్చుకున్నాను. అవి సాగాలంటే పిల్లల చేతుల్లో ఫోనో ట్యాబో ఉండాలి. మా పిల్లల ఇళ్లలో ఫోను నాన్నతో పాటు పనికి పోయి రాత్రికి వస్తుంది. గూగుల్ ఫామ్‌లో హోంవర్కు ఇచ్చే ఆలోచన అక్కడే ఆగింది. కోర్సు తయారుచేసినవాళ్ల ఊహలో ఉన్న బడి వేరు. ఆ మాటకొస్తే, మా బడిలో టెక్నాలజీ ఎక్కువగా వాడేది హాజరు వేయడానికి, భోజనం ఫొటో ఎక్కించడానికి! అది అయ్యాక మిగిలిన ఓపికతో పాఠం.

క్లాసులో పెద్ద ప్యానెల్ (బోర్డు స్థానంలో పెట్టే టచ్ తెర) ఉంటే ఏం చేయకూడదో కూడా కోర్సులో చెప్పాల్సింది. పిరియడ్ మొదట్లో వీడియో పెట్టి గంట కొట్టేదాకా వదిలేస్తే అది మా ప్రొఫెసరు గారి ఉపన్యాసమే, కాస్త పెద్ద తెర మీద.

చేరదామా అని అడిగే టీచర్లకు నేను చెప్పేది ఇదీ. వీడియోలు ఒకటిన్నర వేగంతో విన్నా నష్టం లేదు. చేరేముందు సిలబస్ పేజీలో పాఠ ప్రణాళిక అసైన్‌మెంటు, దాన్ని తోటి టీచర్లు దిద్దడం ఉన్నాయో లేదో చూడండి. ఉంటే ఫీజు కట్టండి. వట్టి క్విజ్‌లే ఉంటే ఆ సాయంత్రాలు ఫెట్‌లో మీ సబ్జెక్టు సిమ్యులేషన్లు తిరగేసుకోండి.