వెన్నదైతేనే తీసుకోండి: ఫ్రాన్స్ సూపర్‌మార్కెట్ పఫ్ పేస్ట్రీ చుట్ట మీద నా మాట

తులూజ్‌లో ఏ సూపర్‌మార్కెట్‌కెళ్లినా చల్లటి అరల్లో పొడుగాటి ప్యాకెట్లు వరసగా కనిపిస్తాయి. లోపల బేకింగ్ కాగితంతో సహా చుట్టిన పఫ్ పేస్ట్రీ పిండి, ఇక్కడివాళ్ల పాత్ ఫొయెతే. బరువు 230 గ్రాములు, విప్పితే 32 సెంటీమీటర్ల గుండ్రటి షీటు, ధర రెండు యూరోలకు అటూ ఇటూ. మా ఫ్రిజ్‌లో పాలు, పెరుగు తర్వాత నిండుకోకుండా చూసుకునేది దీన్నే.

కొనేముందు ప్యాకెట్ మీద చూడాల్సింది ఒక్కటే, ‘ప్యూర్ బర్’ అని ఉందా లేదా. ఉంటే అందులో కొవ్వంతా వెన్నే. లేకపోతే నూనెలతో చేసిన వెజిటబుల్ ఫ్యాట్. అది కాస్త చవక. రెండూ పొంగుతాయి, రెండూ ఎర్రగా కాలతాయి, ఫొటో తీస్తే ఏది ఏదో చెప్పలేం. నోట్లో పెట్టుకుంటే మాత్రం ఇట్టే తెలిసిపోతుంది. నూనెది కరకరలాడి ఊరుకుంటుంది, ఆ తర్వాత అంగిట్లో ఒక జిడ్డు పొర మిగులుతుంది. మన ఊళ్లో బేకరీ ఎగ్ పఫ్ చల్లారాక తింటే ఉంటుంది చూశారూ, అచ్చం అలాగే. అక్కడంటే లోపలి ఉల్లిపాయ మసాలా ఆ లోటు కప్పేస్తుంది. నా లెక్క కూడా అక్కణ్నించే వచ్చింది: లోపల ఘాటుగా ఏదైనా పెడుతుంటే చవకదైనా నడిచిపోతుంది, తీపి చేస్తుంటే మాత్రం వెన్నదే కొనాలి. ఆపిల్ ముక్కా పంచదారా తప్ప ఏమీ లేనిచోట పిండి రుచి ఎక్కడ దాక్కుంటుంది?

ఇంకో విషయం. ప్యాకెట్ తెరవగానే సన్నగా స్పిరిట్ వాసన వస్తే కంగారు పడకండి. పిండి నిలవ ఉండటానికి చాలా కంపెనీలు కొద్దిగా ఆల్కహాల్ కలుపుతాయి, పదార్థాల జాబితాలో రాసే ఉంటుంది. కాలేటప్పుడు ఆ వాసన పోతుంది. వద్దనుకునేవాళ్లు ఆ జాబితా చదివి లేనిది ఎంచుకోవచ్చు. గుడ్డు సాధారణంగా ఉండదు కాబట్టి మా అత్తగారు వచ్చినప్పుడు పైన గుడ్డుసొన బదులు పాలు పూస్తాను. మెరుపు తగ్గుతుంది, అంతే. చీజ్ దగ్గర మాత్రం శాకాహారులు జాగ్రత్త, కోంతే లాంటి సంప్రదాయ చీజ్‌లని దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తో తోడుపెడతారు.

ఈ చుట్టతో మా ఇంట్లో ఎక్కువగా అయ్యేది టమాటా తార్త్, అంటే పిండి షీటు మీద టమాటాలు పరిచి, పైన మూయకుండా కాల్చేది. ఫ్రెంచి ఇళ్లలో వేసవి వంట ఇది. టమాటాలు చక్రాల్లా కోసి, ఉప్పు జల్లి, చిల్లుల గిన్నెలో అరగంట వదిలేయాలి. దిగే నీళ్లు చూస్తే ఆశ్చర్యమేస్తుంది, ఆ నీరంతా లేకపోతే పిండిలోకే పోయేది. షీటుని కాగితంతోపాటే పళ్లెంలో పరిచి, అడుగంతా ఫోర్కుతో పొడవాలి, లేకపోతే మధ్యలో బుడగలా లేస్తుంది. దానిమీద దిజోఁ ఆవముద్ద రెండు చెంచాలు పలచగా పూసి, గ్రుయేర్ చీజ్ తురుము జల్లి, తుడిచిన టమాటాలు ఒకదానిమీద ఒకటి ఆనేలా పేర్చి, మిరియాల పొడి వేయాలి. 200 డిగ్రీల్లో, కింది అరలో, అరగంట పైచిలుకు. ఆవ ఘాటు వేడికి చచ్చి, పులుపూ సువాసనా మిగులుతాయి. పనసపొట్టులో ఆవ పెట్టుకు తినే మా గోదావరి వాళ్లకి దీన్ని పరిచయం చేయక్కర్లేదు. మా నాన్నగారు ఫ్రాన్స్‌లో మెచ్చుకున్న ఒకే ఒక్క వంట ఇది, అదీ పక్కన పచ్చిమిర్చి పెట్టాకే.

ఆపిల్ తార్త్ ఇంకా సులువు. పలచటి ముక్కలు, మీద కాస్త వెన్న, పంచదార, ఓవెన్లోకి. అంచుల్ని చేత్తో నొక్కకండి. పొరల మధ్య వెన్నలోని నీరు ఆవిరై పిండిని పైకి నెడుతుంది, నొక్కితే పొరలు అతుక్కుపోతాయి. కోసిన అంచుకి గుడ్డు పూసినా అదే గతి. మిగిలిన ముక్కల్ని ముద్ద చేయకుండా ఒకదానిమీద ఒకటి పేర్చి ఒత్తుకుంటే పొరలు పోవు, వాటిమీద చీజ్ జల్లి కాలిస్తే టీలోకి పనికొస్తాయి.

జనవరిలో గలెత్ దే రువా, అంటే క్రైస్తవుల ఎపిఫనీ పండక్కి తినే గుండ్రటి బాదం పేస్ట్రీ. రెండు ప్యాకెట్లు కావాలి. బాదం పొడి, పంచదార, మెత్తటి వెన్న తలా 100 గ్రాములు, రెండు గుడ్లు కలిపి మధ్యలో పెట్టి, ఫెవ్ అనే చిన్న పింగాణీ బొమ్మని అంచు వైపు దాచి, రెండో షీటు కప్పి, అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, మీద కత్తి మొనతో గీతలు గీసి కాలుస్తాను. ఆ బొమ్మ ఎవరి ముక్కలో వస్తే వాళ్లే ఆ రోజుకి రాజు. అందుకే ముక్కలు కోసేటప్పుడు ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లు బల్ల కిందికి దూరి ఏ ముక్క ఎవరికో పేరు చెప్పాలి. మా పాప ప్రతి ముక్కా తనకే అంటుంది. నిజానికి దక్షిణాది తులూజ్‌లో పాత ఆచారం బ్రియోష్ కిరీటం, అంటే వెన్న, గుడ్లు వేసిన మెత్తటి తీపి బ్రెడ్డుని కిరీటంలా చేసేది, మీద పంచదార పాకంలో ఊరిన పళ్లతో. రెండూ తిన్నాక నా ఓటు బాదం గలెత్‌కే. మంచి బేకరీలో ఆరుగురికి సరిపడేది పాతిక యూరోలదాకా పలుకుతుంది, ఇంట్లో అందులో సగం కూడా కాదు.

తిట్టుకునేవీ ఉన్నాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే విప్పితే చుట్ట పగులుతుంది, పది నిమిషాలు ఆగాలి. వేసవిలో మరీ ఆగితే కాగితానికి అంటుకుంటుంది. ఒక బ్రాండుదైతే, పేరెందుకులెండి, చల్లగా ఉన్నా కాగితం వదల్లేదు, తార్త్‌తోపాటు ఆ కాగితాన్నీ కోసి పళ్లేల్లో పెట్టాల్సి వచ్చింది. గుండ్రటిది పాల్మియేలకి (పంచదార జల్లి రెండు వైపుల నుంచీ చుట్టి కోసి కాల్చే బిస్కెట్లు) పనికిరాదు, దానికి నలుచదరం చుట్ట వెతుక్కోవాలి.

పేస్ట్రీ పొరల మధ్య క్రీమ్ పెట్టే మిల్ ఫొయ్ జోలికి మాత్రం దీంతో వెళ్లకండి. పద్ధతి ప్రకారం మూడేసి మడతలు ఆరుసార్లు వేస్తే 729 పొరలొస్తాయి. ఆ పిండిని మందంగా ఒత్తితే ఎత్తుగా లేస్తుంది. ఈ చుట్ట మరీ పలచన. ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీ భార్య, రాణి మరీ లెజిన్‌స్కా పేరు చెప్పుకునే బుషే అ లా రెన్‌కీ అంతే. కోడిమాంసం, పుట్టగొడుగులు తెల్ల సాస్‌లో వండి గిన్నెల్లాంటి పేస్ట్రీలో నింపే వంటకం అది. ఖాళీ గిన్నెలు బేకరీలోనే దొరుకుతాయి, నేను అవే తెచ్చుకుని కీమా వేపుడు నింపుతాను.